నోరులేనివారి సాక్ష్యం: సంరక్షణ గృహాల్లో మేధో వైకల్యం గలవారి రక్షణ – చట్టభాషా చరిత్ర

వ్యాససంగ్రహం

మేధో వైకల్యం గలవారిని సంరక్షణ గృహాల్లో జరిగే హింస నుంచి కాపాడేందుకు మన దేశంలో వచ్చిన చట్టాలను, తీర్పులను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. 1858నాటి పిచ్చాసుపత్రుల చట్టం మొదలుకొని 2023నాటి సాక్ష్య చట్టం వరకు చట్టం వీరికి పెట్టిన పేర్లు ఎలా మారాయి, ఆ మార్పు వీరి మాటకు దక్కిన విలువను ఎలా నిర్ణయించింది అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు. 1994నాటి శిరూర్ ఉదంతం, 2009నాటి చండీగఢ్ కేసు ఈ చర్చకు ముఖ్యమైన ఆధారాలు. చివరి భాగం తెలుగులో వాడుకలో ఉన్న పదాలను ఇదే దృష్టితో చర్చిస్తుంది.

కీలక పదాలు: మేధో వైకల్యం, సంరక్షణ గృహం, చట్టభాష, సమ్మతి, సాక్ష్యం, పదచరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘నోరులేని’ అన్న విశేషణానికి రెండు వాడుకలు ఉన్నాయి. పశువులను నోరులేని జీవాలు అంటాం. ఎదురు చెప్పలేని మనిషిని నోరూవాయీ లేనివాడు అంటాం. రెండు వాడుకల్లోనూ జాలి ఉంది. ఆ జాలితోపాటు ఒక నిర్ణయం కూడా ఉంది. ఆ ప్రాణికి ఏం కావాలో, ఏం బాధ కలిగిందో ఎదుటివారే ఊహించుకోవాలి తప్ప అడిగి ప్రయోజనం లేదన్నది ఆ నిర్ణయం. మేధో వైకల్యం గలవారి విషయంలో కుటుంబం, ప్రభుత్వం, న్యాయవ్యవస్థ చాలాకాలం ఈ నిర్ణయంతోనే నడిచాయి.

సంరక్షణ గృహంలో జరిగే హింసకు రెండు ప్రత్యేక లక్షణాలు ఉన్నాయి. మొదటిది, హింసించేవారు తరచుగా సంరక్షకులే కావడం. అన్నం పెట్టే చెయ్యి, స్నానం చేయించే చెయ్యి, మందు వేసే చెయ్యి, కొట్టే చెయ్యి ఒకటే అయినప్పుడు ఫిర్యాదు చేయడమంటే పూటకూటిని పణంగా పెట్టడమే. రెండవది, ఆ ఇల్లు మూసి ఉండడం. బయటివారి కంటికి అక్కడ జరిగేది కనబడదు. బాధితులు, వారితోపాటు అదే గదిలో ఉండేవారు మాత్రమే సాక్షులు. వారి మాట మాటగా చెల్లకపోతే ఆ నేరానికి సాక్ష్యమే ఉండదు. అందువల్ల వీరి రక్షణ చరిత్రను వీరి సాక్ష్య చరిత్ర నుంచి విడదీసి చదవడం సాధ్యం కాదు. ఈ వ్యాసం ప్రతిపాదన ఇదే: గోడలు, తాళాలు, సంరక్షకుల నియామకాలు రక్షణగా చలామణి అయిన ఈ చరిత్రలో, బాధితుల మాటను లెక్కలోకి తీసుకున్న చోటనే రక్షణకు అర్థం కలిగింది. ఆ మాట లెక్కకు వస్తుందా రాదా అన్నది చాలాసార్లు చట్టంలోని ఒక్క పదం మీద ఆధారపడింది.

పరిభాష గురించి ఒక మాట. పుట్టుకతోనో, ఎదిగే వయసులోనో ఏర్పడి, ఆలోచన, అభ్యసనం, దైనందిన వ్యవహారం అనే మూడింటిలోనూ జీవితాంతం పరిమితులు కలిగించే స్థితిని ఇక్కడ ‘మేధో వైకల్యం’ అంటున్నాను. మానసిక అనారోగ్యం దీనికి భిన్నమైనది. అది ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్సకు లొంగవచ్చు. నేడు అవమానకరంగా వినిపించే పాత పదాలను చారిత్రక ఆధారాలుగా మాత్రమే ఉదాహరిస్తున్నాను.

2. ఒక పదంలో ఇద్దరు: 1858–1912

కంపెనీ పాలన ముగిసిన 1858లోనే మతిస్థిమితానికి సంబంధించి మూడు చట్టాలు వచ్చాయి. 34వ, 35వ చట్టాలు ప్రధానంగా ఆస్తి నిర్వహణకు సంబంధించినవి. 36వ చట్టం పిచ్చాసుపత్రులకు సంబంధించినది. ఆస్తి ఉన్నవారికి ఆస్తిని కాపాడే మనిషిని, దిక్కులేకుండా తిరిగేవారికి నాలుగు గోడలను ఈ చట్టాలు చూపించాయి. మద్రాసు రాజధానిలో మద్రాసు, కాలికట్‌లతోపాటు విశాఖపట్నంలోని వాల్తేరు వద్ద కూడా పిచ్చాసుపత్రి ఉండేది. ఉత్తర సర్కారు జిల్లాల తెలుగువారికి ఈ చట్టం ప్రత్యక్షంగా తెలిసింది దాని ద్వారానే.

వీటి స్థానంలో 1912లో వచ్చిన భారత లూనసీ చట్టం తన ప్రధాన పదాన్ని నిర్వచించిన తీరు గమనార్హం. ఇడియట్ గాని, మనస్సు స్వస్థంగా లేని వ్యక్తి గాని లూనటిక్ అవుతాడని ఆ చట్టం చెప్పింది. పుట్టుకతో వచ్చిన మేధో పరిమితి, మధ్యలో వచ్చిన జబ్బు ఈ నిర్వచనంలో ఒకే గూటికి చేరాయి. ఇంగ్లీషు న్యాయశాస్త్రం వీటి మధ్య భేదాన్ని మధ్యయుగాల నుంచీ గుర్తించింది. మన దేశానికి రాసిన చట్టంలో ఆ భేదం మాట వరకు మిగిలి, ఫలితంలో చెరిగిపోయింది.

అయితే ఆ చట్టంలో మంచి ఏర్పాటు ఒకటి ఉంది. ప్రతి పిచ్చాసుపత్రికి ముగ్గురికి తగ్గకుండా విజిటర్లను నియమించాలని, వారు నెలకొకసారి ఆ సంస్థను తనిఖీ చేసి లోపలివారిని చూడాలని అది నిర్దేశించింది. బయటి కన్ను అవసరమన్న గుర్తింపు అప్పటికే ఉందన్నమాట. కాని ఆ కన్ను పిచ్చాసుపత్రి గడప వద్దే ఆగిపోయింది. మేధో వైకల్యం గలవారు ఎక్కువగా తలదాచుకున్న అనాథాశ్రమాలు, ధర్మసత్రాలు, తర్వాతి కాలపు మహిళా సదనాలు ఆ తనిఖీ పరిధిలోకి రాలేదు.

ఇదే యుగానికి చెందిన మరొక చట్టం, 1872నాటి భారత సాక్ష్య చట్టం, భిన్నమైన దారి పట్టింది. ప్రశ్నను అర్థం చేసుకుని హేతుబద్ధంగా జవాబు చెప్పగలిగినవారు ఎవరైనా సాక్ష్యానికి అర్హులేనని దాని 118వ సెక్షన్ సూత్రీకరించింది. లూనటిక్ అయినంత మాత్రాన అనర్హత రాదని, ఆ స్థితి ప్రశ్నను అర్థం చేసుకోకుండా అడ్డుపడితేనే అనర్హత వస్తుందని వివరణలో చెప్పింది. అంటే మనిషికి అంటించిన పేరును బట్టి కాక, ఆ మనిషి అర్థం చేసుకోగల శక్తిని బట్టి తేల్చమన్నది. సూత్రంగా ఇది నేటికీ మెచ్చదగినదే. అయితే ఎలా అడిగితే అర్థమవుతుంది, జవాబును ఎవరు అర్థం చేసుకోవాలి అన్న ప్రశ్నలకు ఆ చట్టంలో చోటు లేదు. ప్రశ్న వేసేది వకీలు, వేసే చోటు కోర్టు, వేసే భాష కోర్టు భాష. అర్హత కాగితం మీద ఉండి, అవకాశం లేకుండా 141 సంవత్సరాలు గడిచాయి.

3. వేరుచేసిన చట్టం, వదిలేసిన మనుషులు: 1987–1995

1912నాటి చట్టాన్ని రద్దుచేస్తూ వచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టం ఆ పాత ముడిని విప్పింది. మానసిక రోగి అంటే బుద్ధిమాంద్యం మినహా మరే మానసిక రుగ్మత వల్లనైనా చికిత్స అవసరమైన వ్యక్తి అని నిర్వచించింది. శాస్త్రరీత్యా ఇది సరైన సవరణ. బుద్ధిమాంద్యం జబ్బు కాదు, దానికి ఆసుపత్రి నివాసం కాదు అన్నది దీని సారాంశం. ఆ దిశలో సంస్థాగత ప్రయత్నం కూడా అప్పటికే మొదలైంది. జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 1984లో సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఏర్పడి, ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు కేంద్రమైంది.

కాని ఒక చట్టం నుంచి తొలగించినవారిని మరో చట్టం వెంటనే చేరదీయలేదు. 1987 తర్వాత ఎనిమిదేళ్లపాటు ఈ మనుషుల హక్కులకు ఏ ప్రత్యేక కేంద్ర చట్టమూ లేదు. 1995లో వచ్చిన వికలాంగుల చట్టం బుద్ధిమాంద్యాన్ని తన జాబితాలో చేర్చుకుంది. విద్య, ఉపాధి, రిజర్వేషన్ల గురించి మాట్లాడింది. హింస గురించి ప్రత్యేకించి ఏమీ చెప్పలేదు. సంరక్షణ సంస్థలు గుర్తింపు పొందాలన్న అధ్యాయం అందులో ఉన్నా, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే సంస్థలకు ఆ అధ్యాయం వర్తించదని అందులోనే మినహాయింపు ఇచ్చింది. ఈ మినహాయింపు ప్రాధాన్యం తర్వాతి రెండు ఉదంతాలను చూస్తే తెలుస్తుంది. రెండూ ప్రభుత్వ సదనాలకు సంబంధించినవే.

ఈ మధ్యకాలంలో శిక్షాస్మృతిలో వచ్చిన మార్పు ఒకటి ప్రస్తావించాలి. మహారాష్ట్రలోని మథుర కేసు, 1978లో హైదరాబాద్‌ను కుదిపివేసిన రమీజాబీ ఉదంతం రేపిన ఉద్యమాల ఫలితంగా 1983లో నిర్బంధంలో జరిగే అత్యాచారానికి ప్రత్యేక శిక్ష ఏర్పడింది. పోలీసు స్టేషన్లు, జైళ్లతోపాటు మహిళా, శిశు సదనాల సిబ్బంది కూడా అందులోకి వచ్చారు. సదనం కూడా ఒక నిర్బంధ స్థలమే, సంరక్షకుడికి కూడా అధికారి లాంటి పెత్తనమే ఉంటుందని చట్టం అంగీకరించడం ఇక్కడ చెప్పుకోదగిన విషయం.

4. శిరూర్, 1994: రక్షణ పేరుతో శస్త్రచికిత్స

మహారాష్ట్రలోని పుణె జిల్లా శిరూర్‌లో మేధో వైకల్యం గల బాలికల కోసం ఒక ప్రభుత్వ వసతి గృహం ఉండేది. 1994 ఫిబ్రవరిలో ఆ గృహం నుంచి పది మందికి పైగా యువతులను పుణెలోని సాసూన్ ఆసుపత్రికి తీసుకువెళ్లి గర్భాశయాలు తొలగించారు. విషయం పత్రికలకు ఎక్కడంతో మహిళా సంఘాలు నిరసన తెలిపాయి. తలపెట్టిన మిగిలిన శస్త్రచికిత్సలు ఆగిపోయాయి.

దీన్ని సమర్థించినవారు రెండు కారణాలు చెప్పారు. రుతుస్రావ సమయంలో ఆ యువతులు శుభ్రత పాటించలేరన్నది ఒకటి. లైంగిక దాడికి గురైతే గర్భం రాకుండా ఉంటుందన్నది రెండోది. మొదటి కారణంలో సిబ్బంది కొరత, శిక్షణ కొరత శరీర లోపంగా మారిపోయాయి. సహనంతో నేర్పితే చాలామంది నేర్చుకోగల పనిని నేర్పడం మాని, ఆ అవసరాన్నే తీసివేశారు. రెండో కారణం ఇంకా లోతుగా ఆలోచించవలసినది. గర్భాశయం తీసివేయడం దాడిని ఆపదు. దాడి జరిగిందని బయటపెట్టే ఏకైక భౌతిక ఆధారాన్ని మాత్రం తుడిచివేస్తుంది. మాట చెల్లని మనిషి విషయంలో గర్భమే సాక్ష్యం. ఆ సాక్ష్యం కూడా పుట్టకుండా చేయడం దాడి చేసేవారికి భద్రత అవుతుంది. సంరక్షణ గృహంలో దాడి జరగవచ్చునని ముందే ఒప్పుకుని, దానికి తగినట్లు బాధితుల శరీరాన్ని సరిదిద్దడం ఈ తర్కంలోని అసలు విషాదం.

ఈ ఉదంతంలో సమ్మతి ఎవరిదన్న ప్రశ్నకు వచ్చిన జవాబులన్నీ తల్లిదండ్రుల చుట్టూ, అధికారుల చుట్టూ తిరిగాయి. ఆ యువతులకు జరగబోయేది వారికి అర్థమయ్యేలా ఎవరు చెప్పారు, వారు ఏమన్నారు అన్న ప్రశ్న ఆనాటి చర్చ అంచున మాత్రమే నిలిచింది.

5. సంరక్షకులను నియమించిన చట్టం: 1999

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గలవారి సంక్షేమానికి 1999లో జాతీయ ట్రస్టు చట్టం వచ్చింది. మేము పోయాక మా బిడ్డకు దిక్కెవరు అన్న తల్లిదండ్రుల ఆవేదన దీని వెనక ఉంది. జిల్లా స్థాయిలో ఒక సీనియర్ అధికారి, ఒక నమోదిత సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి కలిసిన స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. పెద్దవారైన బిడ్డల విషయంలో తల్లిదండ్రులకు అప్పటిదాకా లేని చట్టబద్ధమైన స్థానం దీనివల్ల వచ్చింది.

ఈ చట్టంలోని 17వ సెక్షన్ ఈ వ్యాసం దృష్టిలో కీలకమైనది. సంరక్షకుడు హింసిస్తున్నా, నిర్లక్ష్యం చేస్తున్నా, ఆస్తి కాజేస్తున్నా అతణ్ణి తొలగించమని కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. దరఖాస్తు చేయగలిగినవారు ఎవరు? తల్లి లేదా తండ్రి, బంధువు, నమోదిత సంస్థ. హింసకు గురైన మనిషి ఆ జాబితాలో లేరు. వైకల్యం గలవారి విషయంలో హింస, నిర్లక్ష్యం అన్న మాటలను ఉచ్చరించిన ఈ చట్టం బాధితులను కర్తలుగా ఊహించలేకపోయింది. వాక్యనిర్మాణం దృష్టితో చూస్తే ఆ చట్టమంతటా వారు కర్మస్థానంలోనే ఉన్నారు. వారికి సంరక్షకుణ్ణి నియమిస్తారు, వారిని చూసుకుంటారు, వారిని కాపాడతారు. తల్లిదండ్రులు లేనివారు, బంధువులు పట్టించుకోనివారు, సంస్థలోనే ఉంటూ సంస్థ చేతిలోనే బాధపడేవారు ఈ సెక్షన్‌ను ఎలా వాడుకోవాలి? పదేళ్ల తర్వాత చండీగఢ్‌లో ఇదే ప్రశ్న ఒక మనిషి రూపంలో ఎదురైంది.

6. చండీగఢ్, 2009: ఒక పదం మీద నిలిచిన తీర్పు

చండీగఢ్‌లోని ప్రభుత్వ మహిళా సదనమైన నారీ నికేతన్‌లో ఉంటున్న ఒక అనాథ యువతి అక్కడే అత్యాచారానికి గురైంది. ఆమె వయసు 19–20 సంవత్సరాల మధ్య. మేధో వైకల్యం స్వల్పం నుంచి మధ్యస్థం అని వైద్యులు తేల్చారు. మరో ప్రభుత్వ సంస్థకు మార్చిన తర్వాత, 2009 మే నెలలో ఆమె గర్భవతి అని తెలిసింది. గర్భస్రావానికి అనుమతి కోరుతూ చండీగఢ్ పాలనా యంత్రాంగం పంజాబ్, హర్యానా హైకోర్టును ఆశ్రయించింది. హైకోర్టు నియమించిన నిపుణుల బృందం ఆమెతో మాట్లాడింది. బిడ్డను కనాలని ఉందని ఆమె చెప్పింది. ఆ మాట నివేదికలో నమోదైనప్పటికీ 2009 జులై 17న హైకోర్టు గర్భస్రావానికే ఆదేశించింది. చట్టపరిమితి అయిన 20 వారాలు దగ్గరపడుతుండగా జులై 21న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, న్యాయమూర్తులు పి. సదాశివం, బి.ఎస్. చౌహాన్‌ల ధర్మాసనం ఆగస్టు 28న కారణాలతో తీర్పు వెలువరించింది. సుచితా శ్రీవాస్తవ వర్సెస్ చండీగఢ్ అడ్మినిస్ట్రేషన్ పేరుతో ఇది ప్రసిద్ధమైంది.

తీర్పు ఏ ఆధారం మీద నిలిచిందో చూద్దాం. 1971నాటి గర్భస్రావ చట్టం మేజరైన స్త్రీ సమ్మతిని తప్పనిసరి చేస్తూనే, ఆమె లూనటిక్ అయితే సంరక్షకుడి సమ్మతి కావాలన్నది. లూనటిక్ అంటే ఎవరన్నదానికి 1912నాటి నిర్వచనమే ప్రమాణం. ఆ నిర్వచనంలో ఇడియట్ కూడా ఉంది కనుక మేధో వైకల్యం గల స్త్రీ సమ్మతికి చట్టంలో చోటు లేదు. 2002లో ఈ చట్టాన్ని సవరిస్తూ లూనటిక్ స్థానంలో మానసిక రోగి అన్న పదాన్ని పెట్టారు. దాని నిర్వచనాన్ని 1987 చట్టం నుంచి తెచ్చుకున్నారు. బుద్ధిమాంద్యం మినహా అన్న రెండు మాటలు ఆ నిర్వచనంతోపాటు వచ్చాయి. సుప్రీంకోర్టు ఈ రెండు మాటలను పట్టుకుంది. మానసిక రోగుల విషయంలో సంరక్షకుడి సమ్మతి చెల్లుతుంది, బుద్ధిమాంద్యం గలవారు ఆ వర్గంలో లేరు, కనుక ఈమె సమ్మతి ఈమెదే, దాన్ని ప్రభుత్వం గౌరవించాలి అన్నది నిర్ణయం. 2002నాటి సవరణలో ఆ రెండు మాటలు లేకపోయి ఉంటే 2009లో ఆ యువతి మాటకు నిలబడే నేల ఇంత గట్టిగా దొరికేది కాదు.

తీర్పులోని రెండో అంశం ‘ఉత్తమ ప్రయోజనం’ అన్న భావన. న్యాయస్థానం ఆమెకు తల్లిదండ్రి స్థానంలో నిలబడినప్పుడు చూడవలసింది ఆమె ప్రయోజనాన్నే గాని, సంరక్షకుల సౌకర్యాన్నో సమాజం అభిప్రాయాన్నో కాదని ధర్మాసనం స్పష్టం చేసింది. ఆమెకూ బిడ్డకూ తోడ్పాటు అందిస్తామని జాతీయ ట్రస్టు అధ్యక్షస్థానం నుంచి ప్రమాణపత్రం దాఖలైంది. మాట వినడంతో సరిపెట్టకుండా, ఆ మాట నెరవేరడానికి కావలసిన ఆసరా కూడా ఏర్పడడం ఈ కేసు నేర్పే పాఠం.

ఈ తీర్పుకు హద్దులు ఉన్నాయి. ఆమె వైకల్యం స్వల్పం, మధ్యస్థం అన్న అంచనా మీద వాదన చాలావరకు ఆధారపడింది. తీవ్ర వైకల్యం గలవారి మాటను ఎలా వినాలన్న ప్రశ్న మిగిలిపోయింది. అలాగే కేసు స్వభావంరీత్యా చర్చ గర్భం చుట్టూ సాగింది. ప్రభుత్వం నడిపే ఇంట్లో దాడి ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు అంత విస్తృతి దక్కలేదు. శిరూర్‌లో తుడిచివేయాలనుకున్న సాక్ష్యమే చండీగఢ్‌లో నేరాన్ని బయటపెట్టిందన్న సంగతిని మాత్రం మరచిపోకూడదు.

7. వినే పద్ధతి: 2013, 2017

1872 చట్టం ఇచ్చిన అర్హతకు పద్ధతిని జోడించింది 2013నాటి నేరచట్టాల సవరణ. ఢిల్లీ ఘటన తర్వాత జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ సిఫారసుల నేపథ్యంలో ఇది వచ్చింది. లైంగిక నేరాల్లో బాధితురాలికి మానసిక లేదా శారీరక వైకల్యం ఉంటే పోలీసులు ఆమె ఇంటివద్దనో, ఆమె కోరిన చోటనో ఫిర్యాదు నమోదు చేయాలి. ప్రత్యేక ఉపాధ్యాయుడు గాని దుబాసీ గాని ఉండాలి. అదంతా వీడియోలో నమోదు కావాలి. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలమే విచారణలో ప్రధాన సాక్ష్యంగా చెల్లుతుంది. జరిగినదంతా మొదటి నుంచి కోర్టులో మళ్లీ చెప్పవలసిన బాధ తప్పుతుంది.

ఈ క్రమంలో 2017 జులై 21నాటి ‘ఈరా’ కేసు తీర్పు చర్చనీయమైనది. 38 ఏళ్ల సెరిబ్రల్ పాల్సీ గల స్త్రీ మానసిక వయసు ఆరు నుంచి ఎనిమిదేళ్లేనని, కనుక బాలలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టాన్ని ఆమెకు వర్తింపజేయాలని వాదించారు. చట్టం చెప్పిన వయసు శారీరక వయసేనని న్యాయమూర్తులు దీపక్ మిశ్రా, రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం తీర్పునిచ్చింది. ఆ వాదన వెనక ఉన్న ఆర్తి అర్థం చేసుకోదగినది. పోక్సో న్యాయస్థానంలో ఉన్న అనుకూల వాతావరణం ఆమెకూ కావాలన్నదే ఆ కోరిక. అయితే మానసిక వయసును చట్టంలో ఒప్పుకుంటే ఆ రక్షణతోపాటు బాల్యపు నిరాకరణ కూడా వస్తుంది. ఆరేళ్ల బిడ్డగా లెక్కించిన మనిషికి ఆస్తిలో, వివాహంలో, మాతృత్వంలో, సమ్మతిలో ఏ నిర్ణయమూ దక్కదు. చండీగఢ్ యువతి మానసిక వయసు తొమ్మిదేళ్లని కూడా ఆనాడు చెప్పారు. ఆ అంకెనే ప్రమాణం చేసుకుని ఉంటే ఆమె మాట వీగిపోయేది.

8. 2016 చట్టం, మిగిలిపోయిన పాత పదాలు

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దాని 16వ అధికరణం దోపిడీ, హింసల నుంచి రక్షణను హక్కుగా ప్రకటించి, వికలాంగులకు సేవలందించే సంస్థలన్నింటినీ స్వతంత్ర వ్యవస్థలు పర్యవేక్షించాలని కోరింది. దీనికి అనుగుణంగా వచ్చినది 2016 వికలాంగుల హక్కుల చట్టం. ‘మేధో వైకల్యం’ అన్న భావన చట్టపరిభాషలోకి ప్రవేశించింది దీనితోనే. 7వ సెక్షన్ ప్రకారం హింస జరిగిందని, జరుగుతోందని, జరగవచ్చునని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చు. 1999నాటి మూడు వర్గాల జాబితా ఇక్కడ ‘ఎవరైనా’గా విస్తరించింది. స్వేచ్ఛాపూర్వకమైన, విషయం తెలిసిన సమ్మతి లేకుండా సంతానశక్తిని పోగొట్టే వైద్యప్రక్రియ జరపరాదని 10వ సెక్షన్ చెప్పింది. శిరూర్‌కు చట్టం ఇచ్చిన ఆలస్యపు జవాబుగా దీన్ని చదవవచ్చు. తన అధీనంలో ఉన్న వికలాంగ వ్యక్తికి తెలిసి తెలిసి అన్నం నీళ్లు ఇవ్వకపోవడం, పెత్తనాన్ని వాడుకుని లైంగికంగా దోచుకోవడం వంటివి 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరాలు.

ఇంత మార్పు తర్వాత కూడా మూడు పాత ఆనవాళ్లు మిగిలాయి. మొదటిది, సంస్థల నమోదు అధ్యాయం ప్రభుత్వ సంస్థలకు వర్తించదన్న 1995నాటి మినహాయింపు 2016 చట్టంలో 54వ సెక్షన్‌గా కొనసాగింది. రెండు ప్రసిద్ధ ఉదంతాలూ ప్రభుత్వ గృహాల్లోనే జరిగాయన్న అనుభవం ఇక్కడ చట్టానికి అక్కరకు రాలేదు. రెండవది, 2016 డిసెంబరులో చట్టం వదిలిపెట్టిన ‘బుద్ధిమాంద్యం’ 2017 ఏప్రిల్‌లో ఆమోదం పొందిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మళ్లీ కనిపిస్తుంది. మూడవది ఎక్కువ ఆందోళన కలిగించేది. 2021నాటి గర్భస్రావ సవరణ నియమాలు 24 వారాల వరకు అనుమతి పొందగల వర్గాలను పేర్కొంటూ, బుద్ధిమాంద్యంతో సహా మానసిక రోగులైన స్త్రీలు అన్నాయి. ఆ నియమం కాలపరిమితికి చెందినది, సమ్మతికి చెందినది కాదు. అయినా 2002లో ‘మినహా’ అన్న మాటతో విడిపోయిన రెండు వర్గాలు 2021లో ‘సహా’ అన్న మాటతో తిరిగి కలిశాయి. చండీగఢ్ తీర్పు నిలిచిన నేల ఆ మినహాయింపే అయినప్పుడు ఈ కలయికను చిన్న విషయంగా తీసుకోలేం.

9. తెలుగు మాటల సంగతి

తెలుగులో ‘వెర్రి’ అన్న పదం ఉన్మాదానికీ అమాయకత్వానికీ చెల్లుతుంది. ఆవేశంతో ఊగేవాడిదీ వెర్రే, వెర్రిబాగులవాడిదీ వెర్రే. 1912నాటి చట్టం చేసిన కలగాపులగం మన వాడుకలోనూ ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. కుటుంబాలు తమ బిడ్డ గురించి చెప్పేటప్పుడు ‘అమాయకుడు’ అన్న మృదువైన మాటను ఎంచుకుంటాయి. ‘మనిషి ఎదిగాడుగాని బుద్ధి ఎదగలేదు’ అన్న వాక్యం మానసిక వయసు అన్న భావనకు ఇంటి రూపం. అధికార భాషలో మానసిక వికలాంగులు, బుద్ధిమాంద్యం గలవారు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అన్న పదాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ పేరులో కూడా ‘మానసిక వికలాంగులు’ పోయి ‘మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత’ చేరింది. చివరి రెండు గౌరవవాచకాలు అన్ని వైకల్యాలనూ ఒకే కీర్తిలో కలుపుతాయి తప్ప, ఒక మనిషికి ఏ తోడ్పాటు ఇస్తే మాట్లాడగలదో చెప్పవు. సదరం ధ్రువపత్రంలోని శాతం కూడా అంతే.

వార్తల భాషలో స్థిరపడిన ‘మతిస్థిమితం లేని యువతి’ అన్న పదబంధాన్ని ప్రత్యేకంగా చర్చించాలి. మేధో వైకల్యం గల బాధితుల గురించి కూడా ఇదే రాస్తారు. స్థిమితం లేకపోవడం అంటే నిలకడ లేకపోవడం. నిలకడ లేని మనిషి చెప్పిన మాటకు నిలకడ ఎక్కడిదన్న అనుమానం ఆ పదంలోనే ఉంది. మేధో వైకల్యానికి నిలకడలేమి లక్షణం కాదు. ఆ మనిషికి తెలిసినది తక్కువ కావచ్చు, తెలిసినదాన్ని చెప్పే తీరు వేరు కావచ్చు. ఫిర్యాదు కాగితంలో ఈ పదం పడితే, పిలవవలసిన ప్రత్యేక ఉపాధ్యాయుడికి బదులు మనోవైద్యుడి ధ్రువపత్రం వైపు దర్యాప్తు మళ్లే అవకాశం ఉంది. 1872 చట్టం స్థానంలో వచ్చిన 2023 భారతీయ సాక్ష్య అధినియమం లూనటిక్ అన్న పదాన్ని తీసివేసి, మనస్సు స్వస్థంగా లేని వ్యక్తి అన్న వర్ణనను ఉంచింది. దీన్ని తెలుగు చేసేవారి కలం అలవాటుగా ‘మతిస్థిమితం లేని’ దగ్గరే ఆగుతుంది.

వాంగ్మూలం రాసే భాష ఇంకో సమస్య. ఒక ఉదాహరణ ఊహిద్దాం. సంరక్షణ గృహంలో ఉండే స్త్రీ తన మీద దాడి జరిగిన వేళను ‘అన్నం గంట కొట్టినాక’ అని చెప్పిందనుకుందాం. స్టేషన్ రైటర్ దాన్ని ‘రాత్రి సుమారు 8 గంటల సమయమున’ అని రాస్తాడు. ఎదురు ప్రశ్నల్లో వకీలు ఎనిమిది గంటలంటే ఏమిటని అడుగుతాడు. ఆమెకు గడియారం తెలియదు. సాక్ష్యం వీగిపోతుంది. వీగిపోయింది ఆమె మాట కాదు, రైటర్ మాట. అన్నం గంట ఎప్పుడు కొడతారో ఆ గృహం రికార్డులోనే తేలుతుంది. ఆమె చెప్పిన కాలసూచన గడియారం కన్నా ఆ ఇంటికి సరిపోయేది. చెప్పినవారి మాటను చెప్పినట్లే నమోదు చేయాలన్నది మాండలిక పరిశోధకులకు తొలి పాఠం. ఆ పాఠం పోలీసు స్టేషన్‌కూ కోర్టుకూ చేరవలసిన అవసరం ఇక్కడ కనిపిస్తుంది.

10. ముగింపు

1858 నుంచి నేటివరకు సాగిన ఈ చరిత్రలో మూడు దశలను గుర్తించవచ్చు. మొదటి దశలో రక్షణ అంటే గోడ. రెండో దశలో రక్షణ అంటే సంరక్షకుడు. మూడో దశలో, ఇంకా అసంపూర్ణంగానే, రక్షణ అంటే ఆ మనిషి మాటకు తోడ్పాటు. ఒక దశ రాగానే ముందుది తొలగిపోలేదు. మూడూ నేటి చట్టాల్లో పక్కపక్కనే ఉన్నాయి. ఏ సందర్భంలో ఏది పనిచేస్తుందన్నది చాలాసార్లు ఒక నిర్వచనం మీద, ఒక అనువాదం మీద ఆధారపడుతోంది.

ఈ పరిశీలన నుంచి మూడు సూచనలు వస్తున్నాయి. ప్రభుత్వ సంరక్షణ గృహాలకు ఉన్న నమోదు మినహాయింపును తొలగించి, 1912నాటి విజిటర్ల వంటి క్రమబద్ధమైన బయటి తనిఖీని అన్ని గృహాలకూ విస్తరించాలి. తనిఖీకి వెళ్లినవారు లోపలివారితో సిబ్బంది లేకుండా మాట్లాడాలి. రెండవది, 2016 చట్టంలోని 7వ, 10వ సెక్షన్ల సారాన్ని ఆ గృహాల్లో ఉండేవారికే అర్థమయ్యేలా చిన్న వాక్యాల్లో, బొమ్మలతో తెలుగులో తయారుచేయాలి. మూడవది, ‘మతిస్థిమితం లేని’ అన్న పదబంధాన్ని మేధో వైకల్యానికి వాడకుండా, వాంగ్మూలాలను చెప్పినవారి మాటల్లోనే నమోదు చేసేలా పోలీసు, న్యాయ సిబ్బందికి భాషా శిక్షణ ఇవ్వాలి. చివరి రెండూ తెలుగు శాఖలు ప్రత్యేక ఉపాధ్యాయులతో కలిసి చేయగల పనులు. బిడ్డను కనాలని ఉందన్న చండీగఢ్ యువతి మాట నిపుణుల నివేదికలో నమోదైంది గనుకనే సుప్రీంకోర్టు దాకా చేరగలిగింది. తెలుగు నేలమీది సంరక్షణ గృహాల్లో అలాంటి మాటలు నమోదు కావాలంటే, వాటిని విని రాసుకోగల తెలుగు మనకు ముందుగా ఉండాలి.